నీళ్ళ గొట్టంలో గీత

మా ఇంట్లో చేతులు కడుక్కోవడం సగం ఉద్యోగం. వీధిలోంచి రాగానే ఒకసారి, వంటింట్లో అడుగుపెట్టే ముందు ఒకసారి, ఫ్రిజ్ తలుపు తీసే ముందు ఇంకోసారి. "తలుపు తీశాక కడుక్కుంటే చాలదా?" అని మా బావగారు పెళ్ళయిన కొత్తలో అడిగారట. ఆ తర్వాత ఆయన ఏ విషయంలోనైనా ప్రశ్న అడగగా నేను వినలేదు.

ఈ చట్టాలన్నీ చేసింది మా అక్క. తోడబుట్టిన అక్క కాదు, బావగారి భార్య, నాకు తోటికోడలు. కింద వాళ్ళు, పైన మేము, వంటిల్లు మాత్రం ఒకటే. అక్క పెద్దాసుపత్రి వెనకాల ఉన్న పరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. అక్కడ ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఎంజైమ్ మేడమే. అదే ఆసుపత్రి గేటు ఎదురుగా నాకు జిరాక్స్ షాపు ఉంది. నువ్వు చేసేదీ నకళ్ళ పనే, నేను చేసేదీ నకళ్ళ పనే కదా అని ఒకసారి నోరు జారాను. నా చేతిలో టీ చల్లారిపోయి మీగడ కట్టేదాకా పాఠం చెప్పింది.

"నీ మిషను కాగితాన్ని ఫోటో తీసినట్టు తీస్తుంది, అంతే. అందులో ఏం రాసుందో దానికేం తెలుసు? మా ఎంజైమ్ అలా కాదు. డీఎన్ఏలో ఒక్కో అక్షరాన్నీ చదివి, దానికి సరిపోయే జోడీ అక్షరాన్ని వెతికి తెచ్చి పక్కన అతికిస్తుంది. కణం రెండుగా చీలాలంటే ముందు ఈ నకలు పూర్తవ్వాలి. ఆ పని చేసేవే పాలిమరేజ్‌లు. అవి మానేస్తే నువ్వూ లేవు, నేనూ లేను."

"బావగారు?"

"ఆయనా లేరు."

బాక్టీరియాలో జరిగేది, మనలాంటి జీవుల కణాల్లో జరిగేది ఒకటి కాదని కూడా ఆవేళే తెలిసింది. బాక్టీరియాది చిన్న సంసారమట. డీఎన్ఏ గుండ్రంగా ఒకటే చుట్ట. నకలు ఒకచోట మొదలై రెండు వైపులా పరుగు పెడుతుంది. బరువంతా ఒక రకం ఎంజైమే మోస్తుంది, వెనకాల ఇంకొకటి వచ్చి మిగిలిపోయిన ఖాళీలు పూడుస్తుంది. మన కణాలది ఉమ్మడి కుటుంబం. ఒకటి మొదలుపెట్టి కాస్త రాసి పక్కకు తప్పుకుంటుంది. అప్పుడు రెండు పెద్దవి వచ్చి, డీఎన్ఏ జంట పోగుల్లో చెరో పోగు అందుకుంటాయి. నడక నెమ్మదే కానీ ఒకేసారి వేల చోట్ల పని మొదలవుతుంది కాబట్టి టైముకి అయిపోతుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా మాత్రం వేరు కాపురం పెట్టుకుంది, దాని నకలు తీయడానికి దానికి సొంత ఎంజైమ్ ఉంది.

"మొదలుపెట్టి పక్కకు తప్పుకునేది మీ మరిది అన్నమాట" అన్నాను మా ఆయన్ని తలుచుకుని. అక్క పకపకా నవ్వింది. ఆయన పెచ్చులు గీకి వదిలేసిన మెట్ల గోడ ఇప్పటికీ అలాగే ఉంది.

నవ్వి, మళ్ళీ పంతులమ్మ మొహం పెట్టింది. "ఆ పెద్దవాటి గొప్పతనం నకలు తీయడంలో లేదే. తప్పు అక్షరం పడిందనుకో, అక్కడికక్కడే వాటికి తెలిసిపోతుంది. ఒక్క అడుగు వెనక్కి వేసి, ఆ తప్పుని కొరికి పారేసి, సరైనది పెట్టి అప్పుడు కదులుతాయి."

"నువ్వు ల్యాబులో చేసేదీ అంతేనా?"

అక్క టీ గ్లాసు అటూ ఇటూ జరిపింది. "మేం వాడే ఎంజైమ్ వేరు. వేడినీటి బుగ్గల్లో బతికే ఒక బాక్టీరియా నుంచి వచ్చింది. మరిగే వేడికైనా చెక్కుచెదరదు, అందుకే పరీక్షలకి అది కావాలి. తప్పు దిద్దుకోవడం ఒక్కటే దానికి రాదు. కానీ పని రాక్షసి!" రాదు అన్న మాట మాత్రం గొంతు తగ్గించి అంది, పిల్లకి లెక్కలు రావని చుట్టాల దగ్గర ఒప్పుకునే తల్లిలాగా. కాకి పిల్ల కాకికి ముద్దు.

ఆ ముద్దుకి కారణం లేకపోలేదు. అందరూ ఆ ఎంజైమ్‌ని కంపెనీ దగ్గర కొనుక్కుంటారు. మా అక్క సొంతంగా తయారుచేస్తుంది. బుగ్గల్లో బాక్టీరియా దగ్గరున్న ఆ జన్యువుని మామూలు పేగుల బాక్టీరియాలో పెట్టి ఉంచారు. దాన్ని పెద్ద పెద్ద గాజు కూజాల్లో పెంచుతుంది. బాగా పెరిగాక ఆ కణాలను పగలగొట్టి, ఆ రసాన్ని వేడి చేస్తుంది. మిగతా ప్రోటీన్లన్నీ విరిగిన పాలలా గడ్డకట్టి అడుక్కి పోతాయి. ఈ మొండిది మాత్రం ఏమీ ఎరగనట్టు పైన తేరుకుని ఉంటుంది. దాన్ని వడకట్టి, ఇంకా శుద్ధి చేసి, చిన్న గొట్టాల్లో పోసి ఫ్రీజర్లో దాస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, కంపెనీ సరుకు సమయానికి రాక పరీక్షలు ఆగిపోతే, పట్టుబట్టి తనే నేర్చుకుంది. మొదటి రెండు మూడుసార్లు గంజిలాంటిది వచ్చిందట. ఆ ముక్క బావగారు చెప్పారు, తలుపు వేసి.

ఇప్పుడు పక్క ల్యాబులవాళ్ళు కూడా ఐసు డబ్బా పట్టుకుని వస్తారు, "మేడమ్, కొంచెం ఎంజైమ్" అని. అక్క లేదనదు. కానీ ఇచ్చే ముందు వాళ్ళ గోళ్ళు చూస్తుంది. పొరుగింటికి తోడు పెరుగు ఇచ్చినంత దర్జాగా ఇస్తుంది. ఇన్నేళ్ళలో ఆమె ఎంజైమ్‌కి ఎవరూ వంక పెట్టలేదు.

అలాంటి ల్యాబులోకి కొత్తావిడ వచ్చింది.

కొత్తావిడంటే పనికి కొత్త కాదు. నలభైకి దగ్గరపడిన మనిషి, ఇంతకుముందు వేరే ఊళ్ళో ఇదే పని చేసింది. తల్లిని, చదువుకునే కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి మా వెనక వీధిలో అద్దెకు దిగింది. తక్కువ మాట్లాడుతుంది. ల్యాబు పెద్దసారు ఆమెను ఒక కొత్త పరీక్ష కోసం తీసుకున్నారు. పసిపిల్లలకి జ్వరం వస్తే రక్తంలో బాక్టీరియా ఉందో లేదో తేలడానికి పాత పద్ధతిలో రోజులు పడుతుంది. ఈ కొత్త పరీక్షలో ఒక్క పూటలో తేలిపోతుంది. ఏ బాక్టీరియా అయినా సరే, దాని డీఎన్ఏ చిటికెడు ఉంటే చాలు, ఎంజైమ్ దాన్ని కోట్ల నకళ్ళు తీస్తుంది. అప్పుడు ఒక్కో గొట్టంలోదీ జెల్లీ పలక మీద వేసి నీలం వెలుతురులో పెట్టి చూస్తే, బాక్టీరియా ఉన్న గొట్టానికి ఒక గీత మెరుస్తుంది. కొత్తావిడ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. పరీక్ష గట్టెక్కితే ఖాయం చేస్తామన్నారు.

ప్రతిసారీ వరసలో చివరి గొట్టంలో రక్తం బదులు ఉత్త నీళ్ళు పెడతారు. నీళ్ళలో ఏమీ లేదు కాబట్టి గీత రాకూడదు. వచ్చిందంటే ఎక్కడో ఏదో కలిసిందన్నమాట, ఆ పూట ఫలితాలన్నీ చెత్తబుట్టకే. ఈ నీళ్ళ గొట్టం అంటే మా అక్కకి దైవభక్తి కన్నా ఎక్కువ భక్తి.

కొత్తావిడ మొదటి రోజు పరీక్ష పెట్టింది. నీళ్ళ గొట్టంలో గీత వచ్చింది. రెండో రోజూ వచ్చింది. ఆ తర్వాతా వచ్చింది. పసిపిల్లల డాక్టర్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు, పెద్దసారు సమాధానం చెప్పలేక చస్తున్నారు.

"నేను ఇన్నేళ్ళు చేశాను. ఒక్కనాడూ నీళ్ళ గొట్టంలో గీత రాలేదు. ఈవిడ వచ్చింది, గీత వచ్చింది" అని అక్క ఇంటికొచ్చి తీర్పు చెప్పింది. ఇంట్లో చెబితే ఊరుకోవచ్చు. మర్నాడు ల్యాబులో అందరినీ కూర్చోబెట్టి పెద్దసారు సంగతేంటని అడిగితే, అక్కడా అదే చెప్పింది. "చేతి శుభ్రం ఒకరు నేర్పితే వచ్చేది కాదు సార్, పుట్టుకతో రావాలి" అని కూడా అందట. కొత్తావిడ తల దించుకుని తన చేతులు చూసుకుందట. ఇది నాకు ల్యాబు వాచ్‌మన్ చెప్పాడు, గుర్తింపు కార్డు కాపీ తీయించుకోవడానికి వచ్చి.

ఆ తర్వాత అక్క కొత్తావిడ వెంట నీడలా పడింది. కోటు మార్పించింది. గాజులు తీయించింది. బల్ల కడిగించింది, కడిగిన బల్ల మళ్ళీ కడిగించింది. ఆవిడ నోరెత్తకుండా అన్నీ చేసింది. గీత మాత్రం కదల్లేదు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని అక్క ఎలాగూ అంటుంది, దానికి తోడు పెద్దసారు కూడా కాళ్ళు లెక్కపెట్టకుండానే తలూపారు. నెలాఖరుకి కొత్తావిడని పంపించేస్తామన్నారు.

ఆ వారం సెలవు రోజున అక్క పొద్దున్నే తయారైంది. "నేనే స్వయంగా పెట్టి చూపిస్తాను, శుభ్రంగా చేస్తే గీత ఎందుకొస్తుందో చూస్తాను" అని ఉతికిన కోటు సంచిలో పెట్టుకుని, ఒక్కతే ల్యాబుకి వెళ్ళింది. సీలు విప్పని నీళ్ళు, కొత్త గొట్టాలు, తన చేతులు, తన ఎంజైమ్.

మధ్యాహ్నం తిరిగొచ్చింది. చెప్పులు విడిచింది. తిన్నగా వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్ తలుపు తీసి, సీసా ఎత్తి నీళ్ళు తాగింది. చేతులు కడుక్కోలేదు.

భోజనం చేస్తున్న మా అందరికీ ముద్ద గొంతులో ఆగిపోయింది. బావగారు లేచి నిలబడి, "ఎవరు పోయారు?" అని అడిగారు. ఇన్నేళ్ళకి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. అక్క "ఎవరూ పోలేదు, తినండి" అని గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నాలుగైదు రోజులు మా ఇంట్లో ఎవరు ఏ టవల్‌తో ఏం తుడుచుకున్నా అడిగే దిక్కు లేదు. మా ఆయన ఆ స్వేచ్ఛ అనుభవించి బయటి చెప్పులతో వంటింటి దాకా వచ్చేశారు. అక్క చూసింది, ఏమీ అనలేదు. తేలు కుట్టిన దొంగలా తిరుగుతోంది. నాకు భయం వేసింది. ఆమె తిడుతుంటే విసుగే కానీ, తిట్టని అక్కతో ఎలా బతకాలో నాకు తెలీదు.

ఆ రోజుల్లోనే కొత్తావిడ నా షాపుకి వచ్చింది. సర్టిఫికెట్లు కాపీ తీయమని కవరు ఇచ్చింది.

"దరఖాస్తులాండీ?" అన్నాను.

"అవునండీ. పంపించేస్తున్నారు కదా." కాగితాలు ఒక్కొక్కటే తీసి నాకు అందించింది. "ఎక్కడ పెట్టుకున్నా ముందు ఇక్కడికే ఫోన్ చేసి అడుగుతారండీ. చేతి శుభ్రం లేదని చెబుతారు. ఈ పనిలో ఆ మాట పడితే ఇంక ఎవరూ తీసుకోరు. నాకు వేరే పని రాదు."

ఆవిడ ఏడవలేదు. మామూలుగానే చెప్పింది. కాపీలు సగం అయ్యాక కరెంటు పోయింది. మిగతావి రేపు మధ్యాహ్నం తీసుకుంటానని వెళ్ళిపోయింది.

సాయంత్రం వంటింట్లో గిన్నెలు సర్దుతూ ఈ సంగతి అక్కకి చెప్పాను. ఊరికే, ఊసుపోక చెప్పినట్టే చెప్పాను. అక్క చేతిలో గరిట పక్కన పెట్టేసింది.

"ఆవిడ చేతిలో ఏం లేదే. అది నా ఎంజైమ్‌లోనే ఉంది" అంది.

ముందు నాకు అర్థం కాలేదు. మెల్లగా చెప్పింది. సెలవు రోజున తను ఒక్కతే పెట్టినా గీత వచ్చింది. ఫ్రీజర్ మూలన కంపెనీవాడు నమూనాగా ఇచ్చిపోయిన చిన్న గొట్టం ఉంది. చులకనగా అక్కడ పడేసింది ఆమే. దాంతో పెడితే గీత రాలేదు. తన ఎంజైమ్ పుట్టింది బాక్టీరియా కడుపులో. ఎంత వేడి చేసి, ఎంత వడకట్టినా ఆ బాక్టీరియా డీఎన్ఏ పిసరంత దాన్ని అంటుకునే ఉంది. ఇన్నాళ్ళూ చేసిన పరీక్షలు ఫలానా వైరస్ ఉందా లేదా అని ఒక్కదాన్నే వెతికేవి కాబట్టి ఈ పిసరు వాటి కంటబడలేదు. కొత్త పరీక్ష ఏ బాక్టీరియా కనబడినా పట్టుకుంటుంది. నకలు తీయాల్సిన ఎంజైమే ముందు తన పుట్టింటి నకలు తీసి చూపిస్తోంది. కంచే చేను మేసినట్టయింది.

"సారుకి చెప్పావా?"

"లేదు."

"ఎందుకని?"

"కొత్త బాచ్ ఇంకా బాగా శుద్ధి చేస్తాను. చేశాక గీత దానంతటదే పోతుంది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు."

"పోతే, ఎలా పోయిందనుకుంటారు అందరూ?"

"కొత్తావిడ వెళ్ళిపోయింది కాబట్టి పోయింద..." అని ఆగిపోయింది. తన మాట తన చెవిన పడింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "బాగుందక్కా! టవల్ వేరే కొక్కేనికి తగిలిస్తే నిద్రపోతున్న బావగారిని లేపి మరీ మార్పించావే. ఇప్పుడు నువ్వు వేసిన మచ్చ ఇంకొకరి చేతికి అంటించి పంపిస్తావా? ఒక్క అడుగు వెనక్కి వేసి తప్పుని కొరికి పారేస్తాయి అని నాకు పాఠం చెప్పావు. ఆ పాఠం ఎంజైమ్‌లకేనా?"

"నీకేం తెలుసే! అందరూ మేడమ్ మేడమ్ అని డబ్బా పట్టుకుని వచ్చేవాళ్ళు. రేపటి నుంచి నన్ను చూసి నవ్వుతారు. అదొక్కటే నేను నా చేత్తో చేసింది" అంది. అక్క కళ్ళలో నీళ్ళు చూడటం నాకు అదే మొదటిసారి. నా కోపం సగం చల్లారింది, మిగతా సగం అలాగే ఉంచుకుని పైకి వెళ్ళిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం కొత్తావిడ షాపుకి వచ్చింది. మిగిలిన కాగితాలు మిషను మీద పెడుతున్నాను. ఇంతలో రోడ్డు దాటి అక్క వస్తోంది, ల్యాబు కోటుతోనే. బయట ఆ కోటు వేసుకున్నవాళ్ళని ఆమె ఎన్ని తిట్లు తిట్టేదో ల్యాబంతటికీ తెలుసు. షాపు గుమ్మంలో నిలబడి, "ఆపు, ఆ కాపీలు తీయకు" అంది నాతో.

కొత్తావిడ కంగారుగా లేచి నిలబడింది.

"ఆ గీత నీది కాదమ్మా, నాది. నా ఎంజైమ్‌లో బాక్టీరియా డీఎన్ఏ ఉంది. నేనే పెట్టి చూశాను. చూసి కూడా చెప్పకుండా ఊరుకున్నాను" అంది అక్క. ఒక్క ఊపిరిలో అనేసింది.

మిషను గుర్రుమంటోంది. నేను స్విచ్ ఆపేశాను. ఆవిడ ఇప్పుడు ఏడుస్తుందనుకున్నాను, లేకపోతే ఫరవాలేదు మేడమ్ అంటుందనుకున్నాను. ఆవిడ రెండూ చేయలేదు.

"ఈ మాట నాకెందుకు మేడమ్? నా చేతులు శుభ్రమేనని నాకు ముందునుంచీ తెలుసు" అంది. "మీరు నన్ను అందరి ముందూ అన్నారు. అందరి ముందే చెప్పండి."

నేను కాక, మా అక్కకి ఎదురుచెప్పిన మనిషిని అప్పుడే చూశాను. ఇంకో రోజైతే చూడ్డానికి సరదాగా ఉండేది. అక్క మొహం ఎర్రబడింది. వచ్చిన దారినే గబగబా రోడ్డు దాటి వెళ్ళిపోయింది. కొత్తావిడ కాగితాల వంక చూసింది. "మీరు కాపీలు తీసేయండి. చెబుతారో లేదో" అంది. మళ్ళీ స్విచ్ వేశాను.

సాయంత్రం షాపు కట్టేస్తుంటే కొత్తావిడ మళ్ళీ వచ్చింది. లోపలికి రాకుండా మెట్టు మీద కూర్చుంది.

"చెప్పారండీ" అంది. "సారుని, డాక్టర్లని, పక్క ల్యాబులవాళ్ళని కూడా పిలిపించారు. నిలబడి చెప్పారు. కూర్చోండి మేడమ్ అని సారు అంటున్నా కూర్చోలేదు. తన ఎంజైమ్ గొట్టాలన్నీ ట్రేలో తెచ్చి బల్ల మీద పెట్టి, పసిపిల్లల పరీక్షకి ఇవి పనికిరావు, కంపెనీవి తెప్పించండి అన్నారు. ఎవరో వెనకాల నవ్వారండీ. విన్నారు. అయినా ఆపలేదు. చివర్లో నా దగ్గరికి వచ్చి, 'ఈవిడ చేతులు నా చేతులకన్నా శుభ్రం' అని చెప్పి అప్పుడు కూర్చున్నారు."

"మరి మీ ఉద్యోగం?"

"ఉండమన్నారు." అప్పుడు ఏడ్చింది ఆవిడ, మెట్టు మీద కూర్చుని, కొంగుతో నోరు కప్పుకుని.

నేను ఇంటికి వచ్చేసరికి మా ఆయన బయటి చెప్పులు గుమ్మం అవతలకి గిరాటేసి ఉన్నాయి, బావగారు పంపు దగ్గర బుద్ధిగా చేతులు రుద్దుకుంటున్నారు. లోపలి నుంచి అక్క గొంతు ఖంగున వినిపిస్తోంది. "నువ్వు కూడా కడుక్కునే రా" అంది నన్ను చూసి. ల్యాబులో ఏం జరిగిందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

పంపు తిప్పి, నీళ్ళ చప్పుడు బాగా పెద్దది చేసి, నేనూ కాసేపు ఏడ్చాను. అక్క చేసినంత ధైర్యం నా జన్మలో నేను చేయలేను. ఆ సంగతి అక్కకి ఇంతవరకూ చెప్పలేదు. చెబితే ఆమె చట్టాలకి అడ్డుండదు, ఇక ఈ ఇంట్లో మేము బతకగలమా?